“నా దృష్టిలో తప్పు కాదు” అంటే సరిపోతుందా?

ప్రశ్న: నా వయసు 33. నేనూ మావారూ ఉద్యోగాలు చేస్తున్నాం. నేను పైచదువు చదవాలని ఇద్దరి జీతాల్లోంచి కొంత కొంత తీసి ఒక ఖాతాలో వేస్తూ వచ్చాం. ఆ డబ్బు ఇంక దేనికీ ముట్టుకోకూడదని ఇద్దరం మాట అనుకున్నాం. కిందటేడు ఆయన అందులో చాలావరకు తీసి స్నేహితుడి వ్యాపారంలో పెట్టారు. నేను అడిగినప్పుడల్లా డబ్బు భద్రంగానే ఉందన్నారు. ఈ మధ్యే బయటపడింది. నిలదీస్తే, “తప్పొప్పులు ఎవరికి వారు అనుకునేవే. నీ దృష్టిలో తప్పు, నా దృష్టిలో కాదు. నన్ను జడ్జ్ చేసే హక్కు నీకు లేదు” అంటున్నారు. మా బంధువుల ఇళ్ళకు రాకపోవడాన్నీ, ఇంట్లో ముభావంగా ఉండటాన్నీ కూడా ఇలాగే సమర్థించుకుంటారు. ఆయన బాగా చదువుకున్నారు, వాదనలో నేను నెగ్గలేను. నిజంగా నీతికి కొలబద్దంటూ లేకపోతే, నేను బాధపడటంలో అర్థం లేదా? రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు. – ఒక సోదరి

జవాబు: మీ బాధలో అర్థం ఉందమ్మా. అది నిజమైన బాధ అనిపించుకోవడానికి మీరు ముందు వాదనలో నెగ్గి తీరాల్సిన పని లేదు.

ఆయన లేవనెత్తిన ప్రశ్న మాత్రం పెద్దదే, చాలా పాతది కూడా. క్రీస్తుపూర్వం 5వ శతాబ్దపు గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ ఒక సంగతి రాశాడు. పర్షియా చక్రవర్తి డేరియస్ తన దగ్గరున్న గ్రీకులను పిలిచి, చనిపోయిన తండ్రుల శరీరాలను తినడానికి ఎంత సొమ్ము కావాలని అడిగాడట. ఎంతిచ్చినా ఆ పని చేసేది లేదన్నారు వాళ్ళు. అలా తినడమే ఆచారంగా ఉన్న మరో జాతివాళ్ళను పిలిచి, తండ్రులను దహనం చేయడానికి ఎంత కావాలని అడిగాడు. అలాంటి మాట నోటితో అనొద్దని వాళ్ళు గోల పెట్టారు. నీతి ఎక్కడికక్కడ మారిపోతుంది అనేవాళ్ళు ఈ కథను తరచూ చూపిస్తారు. నాకు మాత్రం ఇందులో ఇంకో సంగతి కూడా కనిపిస్తుంది. పోయిన తండ్రిని గౌరవించాలన్న దగ్గర ఆ రెండు జాతులకూ తేడా లేదు. ఎలా గౌరవించాలన్న దగ్గరే తేడా.

ఇది ఇంకా తెగని వాదమే. తత్వశాస్త్రం బోధించేవాళ్ళనీ పరిశోధించేవాళ్ళనీ 2020లో ఒక పెద్ద సర్వేలో అడిగితే, మన అభిప్రాయాలతో సంబంధం లేకుండా కూడా తప్పొప్పులు ఉన్నాయనే వైపు దాదాపు 62 శాతం మంది మొగ్గారు. కాదనే వైపు 26 శాతం దాకా ఉన్నారు. ఓట్లతో నిజం తేలదు, నాకు తెలుసు. కానీ “ఎవరికి వారు అనుకునేవే” అన్నది అందరూ ఎప్పుడో ఒప్పేసుకున్న సంగతిలా ఆయన మాట్లాడుతున్నారు చూడండి, అది సరికాదు.

సరే, ఆయన చెప్పిందే నిజమనుకుందాం. తప్పొప్పులు మనుషులు ఏర్పరచుకున్నవే అనుకుందాం. అప్పుడైనా “నీకు అడిగే హక్కు లేదు” అన్న మాట అందులోంచి ఎలా పుడుతుంది? పుట్టదు. ఇతరులను జడ్జ్ చేయకూడదు అన్నది కూడా ఒక నీతి నియమమే కదా. తన విషయంలో ఏ నియమమూ లేదంటూనే మీమీద ఒక నియమం పెడుతున్నారు. జె. ఎల్. మ్యాకీ అనే తత్వవేత్త మనిషికి వెలుపల నైతిక విలువలేవీ లేవని 1977లో గట్టిగా వాదించాడు. అంతమాత్రాన మాట తప్పొచ్చని ఆయన తేల్చలేదు. మనుషులు కలిసి బతకాలంటే నీతిని తామే నిర్మించుకోవాలన్నాడు. మీ ఇద్దరూ ఆ ఖాతా తెరిచినప్పుడు చేసింది అదే. ఈ డబ్బు ముట్టుకోకూడదన్న నియమాన్ని ఆకాశం నుంచి ఎవరూ పంపలేదు. ఆయనా ఒప్పుకుని పెట్టుకున్నది. కాబట్టి మీ దృష్టితో ఆయన్ని కొలవాల్సిన అవసరమే లేదు, ఆయన ఇచ్చిన మాటతోనే కొలవండి.

పైగా ఏడాదిపాటు దాచారు. అందులో తప్పేమీ లేదని ఆయన మనసుకు నిజంగా అనిపించి ఉంటే, అడిగిన మొదటి రోజే చెప్పి ఉండేవారని నా నమ్మకం.

ఇప్పుడు మీకు కొంచెం కష్టం అనిపించే మాట చెప్పాలి. బంధువుల ఇళ్ళకు రాకపోవడం, తక్కువ మాట్లాడటం... వీటిని కూడా మీరు ఇదే మూటలో కట్టారు. వాటిని విడదీయండి. ఎలియట్ టురియెల్ అనే మనస్తత్వవేత్తా ఆ దారిలో పనిచేసినవాళ్ళూ చిన్నపిల్లలను గమనించి ఒక సంగతి చెప్పారు. టీచర్ సరేనంటే కూర్చునే చోటు వంటి నియమాలు మార్చుకోవచ్చని పిల్లలు ఒప్పుకుంటారు. కానీ టీచర్ సరేనన్నా తోటి పిల్లను కొట్టడం తప్పేనంటారు. మూడు నాలుగేళ్ళ వయసుకే ఈ తేడా కనబడుతుందట. మీ వారి ముభావం ఆయన స్వభావం. దానికి మీరు నొచ్చుకోవచ్చు, మారమని అడగొచ్చు, కానీ అది అన్యాయం కాదు. అక్కడ “ఎవరి ఇష్టం వాళ్ళది” అన్న మాటకు చోటుంది. రెండింటినీ కలిపి నిలదీస్తే ఆయనకు తప్పించుకునే దారి మీరే ఇచ్చినట్టవుతుంది.

అందుకని ఈసారి మాట్లాడేటప్పుడు నీతి గురించిన చర్చలోకి వెళ్ళొద్దు. ఆయన లాగినా, “అది ఇంకోరోజు మాట్లాడుకుందాం” అనండి. ఇద్దరికీ తీరిక ఉన్న వేళ చూసి, గొంతు పెంచకుండా, “మనం మాట అనుకున్నామా లేదా? అడిగినప్పుడు నిజం ఎందుకు చెప్పలేదు?” అని మాత్రం అడగండి. తర్వాత మౌనంగా ఉండండి. జవాబు కోసం ఆయన్ని తొందరపెట్టొద్దు. బహుశా స్నేహితుడికి కాదనలేకపోయి ఉంటారు, లాభం వస్తే మీకే ఇద్దామనుకుని ఉంటారు, చెప్పడానికి సిగ్గుపడి ఉంటారు. ఆ మాట నోటితో చెప్పగలిగితే సర్దుకోవడానికి ఆస్కారం ఉంది. ఆ వివరణ మీరు పూర్తిగా వినాలి.

డబ్బు సంగతి మాత్రం సిగ్గుపడకుండా తేల్చుకోండి. ఎంత పోయింది, ఎంత వెనక్కి వస్తుంది, ఏ గడువులోగా అన్నది కాగితం మీద రాయించుకోండి. మిగిలింది ఇద్దరి సంతకాలూ ఉంటే తప్ప తీయలేని ఖాతాలోకి మార్చండి. దీనికీ ఆయన “నీ దృష్టి, నా దృష్టి” అంటూ ఒప్పుకోకపోతే, ఇద్దరికీ నమ్మకమున్న పెద్దమనిషినో కుటుంబ కౌన్సెలర్‌నో కలవండి. ఈలోగా మీ జీతం మీ పేరున్న ఖాతాలోనే పడేలా చూసుకోండి. నిద్రలేమి ఇలాగే కొనసాగితే డాక్టర్‌కు చూపించుకోండి. చదువుకు దరఖాస్తు చేయడం మాత్రం మానొద్దు.