పెళ్లికి 8 లక్షల అప్పు చేయాలా, స్థలం అమ్మాలా?

ప్రశ్న: మాది గుంటూరు. నాకు 29. మంగళగిరిలో ఐటీ ఉద్యోగం, నెలకు 58 వేలు చేతికొస్తుంది. అమ్మానాన్నలకు నేనొక్కదాన్నే. నాన్న (61) మిర్చి కోల్డ్ స్టోరేజీలో గుమాస్తాగా చేసి మానేశారు, పింఛను రెండు వేల చిల్లర. బెంగళూరు సంబంధం దాదాపు కుదిరింది. కట్నం వద్దు, పెళ్లి ఘనంగా చేయండి అన్నారు. నా దగ్గర 6 లక్షలున్నాయి. మరో 8 లక్షలు యార్డులో తెలిసినాయన దగ్గర రెండు రూపాయల వడ్డీకి తెస్తానని, లేదంటే గోరంట్లలో ఉన్న 150 గజాల స్థలం అమ్మేస్తానని నాన్న అంటున్నారు. ఏది మేలు?

జవాబు: రెండూ వద్దమ్మా.

ఈ 'కట్నం వద్దు, ఘనంగా చేయండి' అనే మాట బెజవాడలో నా దగ్గరికొచ్చే ప్రతి రెండో తండ్రీ చెబుతాడు. కట్నం అడగడం 1961 నుంచీ నేరమే, కాబట్టి దాన్ని వెనకేసుకు రావట్లేదు గానీ, దానికైనా ఒక అంకె ఉండేది, ఈ ఘనానికి అదీ లేదు.

రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం. 8 లక్షలకు నెలనెలా 16 వేలు, 50 నెలలు తిరిగేసరికి కట్టిన వడ్డీయే 8 లక్షలవుతుంది, అసలు మాత్రం రూపాయి తగ్గదు. నోటు మీద సంతకం నాన్నదే అయినా కట్టేది మీరే కదా, రెండు వేల పింఛనుతో ఆయన ఎక్కడ కడతారు? మా పెళ్లి అప్పు తీరేసరికి మా పెద్దాడు మూడో తరగతికొచ్చాడు, అదీ మేం ముగ్గురు అన్నదమ్ములం తలా ఒక చెయ్యి వేస్తే.

మీకు ఆ ముగ్గురు లేరు. అసలు చిక్కు అక్కడుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో ఒక్కో స్త్రీకి సగటున 1.7 మంది పిల్లలు, తరం తగ్గకుండా ఉండాలంటే 2.1 కావాలి. ఇద్దరికి మించి పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో పోటీ చేయకూడదన్న నిబంధనను కూడా 2024లో ఎత్తేశారు, అంత భయం పట్టుకుంది ప్రభుత్వానికి. అది వాళ్ల లెక్క. మన ఇంటి లెక్కేమిటంటే, వెనకటికి ఐదుగురు పంచుకున్న ముసలితనం ఖర్చు ఇప్పుడు ఒక్కరి జీతం మీద పడుతోంది. పెళ్లికొడుకు కూడా ఒక్కడే అయితే ఇద్దరి జీతాల మీద నలుగురు పెద్దవాళ్లు. మీ ఉద్యోగమే అమ్మానాన్నల పింఛను, ఆ స్థలం వాళ్ల ఆఖరి జమ. ఒక్క పూట భోజనాలకు దాన్ని అమ్ముకుంటారా?

పెళ్లి ఆ 6 లక్షల్లోనే చేయండి, అందులోనూ లక్ష పక్కన పెట్టి. ప్లేటు 650 అనుకుంటే 900 మందికి భోజనాలే 5,85,000, అదే 400 మందికైతే 2,60,000. నాన్నతో కూర్చుని లిస్టులో పేర్లు కొట్టేయండి, ఆయన 'వాళ్లింటి పెళ్లికి మనం వెళ్లాం కదే' అంటారు, అయినా కొట్టేయండి. అమ్మ నగలుంటే ఉన్నవి ఉన్నట్టే పెట్టుకోండి, చెరిపించి కొత్తవి చేయిస్తే తరుగు, మజూరీ దండగ.

పక్కన పెట్టిన లక్షలోంచి అమ్మానాన్నలకు విడిగా ఆరోగ్య బీమా ఇప్పుడే తీసుకోండి. మీ ఆఫీసు బీమాలో వాళ్ల పేర్లున్నా, బెంగళూరు వెళ్లడానికి ఒకవేళ ఉద్యోగం మానేయాల్సొస్తే ఆ రోజే అది పోతుంది. 70 దాటినవాళ్లకు ఆయుష్మాన్ భారత్‌లో 5 లక్షల దాకా వైద్యం ఉంది గానీ నాన్నకు ఇంకా తొమ్మిదేళ్లు ఆగాలి. బీపీ, షుగర్ ఉంటే దాచకుండా రాయండి, దాస్తే క్లెయిమ్ దగ్గర దొరికిపోతారు.

ఇక అబ్బాయితో మాట. పెద్దల ద్వారా కాదు, మీరే ఫోన్ చేసి అడగండి: 'పెళ్లయ్యాక నెలకు 12 వేలు మా ఇంటికి పంపుతాను, ఉద్యోగం బెంగళూరుకు మార్పించుకుంటాను తప్ప మానను, పిల్లలు పుట్టినా జీతంతో 26 వారాల సెలవుంది, మీకు సమ్మతమేనా?' కూతురి డబ్బు పుట్టింటికేమిటని వాళ్లింట్లో ఎవరైనా అంటే, వృద్ధ తల్లిదండ్రుల పోషణకు 2007లో వచ్చిన చట్టంలో పిల్లలంటే కొడుకూ కూతురూ ఇద్దరూనని నెమ్మదిగా చెప్పండి. నసిగితే నాకు మళ్లీ రాయండి. మండపానికి మాత్రం ఆ ఫోన్ అయ్యేదాకా అడ్వాన్సు కట్టనివ్వకండి, చాలామంది అది వెనక్కివ్వరు.