ముందే చెప్పి వచ్చిన ఖర్చుకు అప్పెందుకు?

ప్రశ్న: కృష్ణానగర్‌లో ఇంట్లోనే చిన్న స్టూడియో పెట్టుకున్నాను. భక్తి పాటలు, బోనాలు, బతుకమ్మ పాటలు, పెళ్లి వీడియోలకు ట్రాకులు చేస్తాను. ఒక నెల 90 వేలు వస్తే ఇంకో నెల 15 వేలే. పదేళ్ల నాటి విండోస్ కంప్యూటర్లో క్యూబేస్ 8.5 అనే పాటల రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ వాడుతున్నాను. మొన్న తమ్ముడి ల్యాప్‌టాప్‌లో కొత్త వెర్షన్ ట్రయల్ వేసి నిరుటి బతుకమ్మ పాట తెరిస్తే డప్పు, షెహనాయ్ ట్రాకులు మూగబోయాయి. వాయిద్యాలు, ఎఫెక్టులు ఇచ్చే నా 47 ప్లగిన్లలో చాలా వరకు కనపడలేదు. ఆ పాటలో ఒక చరణం మార్చి ఇమ్మని నిర్మాత అడుగుతున్నారు. కొత్త మ్యాక్, కొత్త ప్లగిన్లు కలిపి 3.2 లక్షలవుతుంది. ఒక లోన్ యాప్ 24 శాతం వడ్డీకి రెండేళ్ల కిస్తీల మీద ఇస్తానంటోంది. బ్యాంకులో 38 వేలున్నాయి. అద్దె, పాప ఫీజు, ఇంటి ఖర్చు కలిపి నెలకు 32 వేలు. లోన్ తీసుకోనా, మా ఆవిడ బంగారం తాకట్టు పెట్టనా?

జవాబు: రెండూ వద్దు. సొంతంగా పనిచేసుకునే వాళ్లలో చాలామంది చేసే పొరపాటే మీరూ చేయబోతున్నారు. అందుకే మీ ఉత్తరాన్ని ఎంచుకున్నాను. ఎప్పటినుంచో తెలిసిన ఖర్చును నెత్తిమీద పడ్డ ఆపదగా చూసి, ఆపదకు దాచాల్సిన డబ్బు లేక అప్పుకు పరిగెత్తడం. ఆ పొరపాటు ఇదే.

మీ ప్లగిన్లు రాత్రికి రాత్రి పోలేదు. పాత తరం 32-బిట్ ప్లగిన్లను నడిపే వీలును క్యూబేస్ 9 నుంచే తీసేశారు, అది 2016 డిసెంబరు మాట. వీఎస్‌టీ2 అనే పాత పద్ధతి ప్లగిన్ల తయారీకి కావాల్సిన కిట్‌ను, క్యూబేస్ చేసే కంపెనీ స్టైన్‌బర్గ్ 2018లో ఆపేసింది. రెండేళ్లలో వీఎస్‌టీ2ను పూర్తిగా వదిలేస్తామని 2022 జనవరిలో బహిరంగంగానే చెప్పింది. దాని స్థానంలో రావాల్సిన వీఎస్‌టీ3 2008 నుంచీ ఉంది. ఇన్నేళ్ల నోటీసు ఇచ్చి వచ్చే ఖర్చును ఆపద అనరు. పాట అప్పగించే వారంలో కంప్యూటరుకు కరెంటిచ్చే ఎస్‌ఎంపీఎస్ కాలిపోతే అది ఆపద. చెయ్యి విరిగి రెండు నెలలు కీబోర్డు ముట్టుకోలేకపోతే అది ఆపద. నిర్మాత బ్యాలెన్స్ ఎగ్గొడితే అదీ ఆపదే. వీటికి మీ దగ్గరున్నది 38 వేలు, అంటే ముప్పై అయిదు రోజుల ఇంటి ఖర్చు.

అప్పు చేసినా మీ డప్పు మళ్లీ మోగదు, ఈ సంగతి మీరు గమనించినట్టు లేదు. విండోస్ కోసం చేసిన 32-బిట్ ప్లగిన్ మ్యాక్‌లో అసలు ఎక్కదు. యాపిల్ సొంత చిప్ ఉన్న మ్యాక్‌లో క్యూబేస్‌ను నేరుగా నడిపితే వీఎస్‌టీ2ను తీసుకోదు, దానికి పాత చిప్‌ల సాఫ్ట్‌వేర్‌ను కొత్త చిప్‌లో నడిపించే రోసెట్టాలో నడపాలి. ఆ రోసెట్టా కూడా మ్యాక్ఓఎస్ 27 వరకేనని, ఆ తర్వాత కొన్ని పాత గేములకే పరిమితమని యాపిల్ 2025లో ప్రకటించింది. 3.2 లక్షలు పోసి కొనేది, మీ పాత పాటలను ఇప్పటికంటే గట్టిగా మూసే తలుపన్నమాట.

ఇక లెక్క చూడండి. 24 శాతానికి 24 కిస్తీలంటే నెలకు దాదాపు 16,900. మొత్తం కట్టేది 4.06 లక్షలు, వడ్డీయే 86 వేలు. మీకు 15 వేలు వచ్చిన నెలలో కిస్తీ మొత్తం రాబడిని మింగేసి ఇంకా 1,900 అడుగుతుంది. ఇంటి అద్దె దేంతో కడతారు? క్రెడిట్ కార్డు గీకుతారు. నెలకు మూడున్నర శాతమంటే ఏడాదికి 42. ఒక అప్పు ఇంకో అప్పును ఈడ్చుకొస్తుంది. నో కాస్ట్ ఈఎంఐ అన్నా నమ్మకండి. సున్నా శాతం వడ్డీ పథకాలన్నవి లేనే లేవని రిజర్వ్ బ్యాంకు 2013లోనే చెప్పింది. బంగారం సంగతైతే, దాని మీద మీ ఆవిడకు హక్కుంది, మీకు లేదు. రాబడి నిలకడ లేని ఇంట్లో అదే చివరి ఆసరా. ప్లగిన్ల కోసం దాన్ని వేలం గడప దాకా తీసుకెళ్లడమేంటండీ!

2020 మార్చి నాకు బాగా గుర్తు. నా దగ్గరికి వచ్చే ఒక పెళ్లిళ్ల వీడియోగ్రాఫర్ ఆ జనవరిలోనే అప్పు చేసి డ్రోను, రెండు కెమెరాలు కొన్నాడు. నేను వద్దన్నా వినలేదు. లాక్‌డౌన్‌లో ముహూర్తాలన్నీ పోయాయి. కిస్తీలకు ఆరు నెలల మారటోరియం ఇచ్చారు గానీ వడ్డీ మాత్రం పెరుగుతూనే ఉంది. సెప్టెంబరులో కెమెరాలను వచ్చినకాడికి అమ్మేశాడు. చేతిలో ఆరు నెలల ఖర్చు ఉండి ఉంటే ఆ కెమెరాలు ఈరోజుకీ అతని భుజం మీదే ఉండేవి. అప్పటినుంచి పరికరం కొంటానని వచ్చే ప్రతివాళ్లనూ ముందు అత్యవసర నిధి ఎంతుందనే అడుగుతున్నాను.

మీకు ఆ నిధి ఎంత కావాలి? జీతగాళ్లకు మూడు నెలలు చాలొచ్చు. మీలాంటి వాళ్లకు ఆరు నెలలు ఉండాల్సిందే. 32 వేల చొప్పున 1.92 లక్షలు. ఇంకా 1.54 లక్షలు కూడబెట్టాలి. అయ్యప్ప సీజన్, బతుకమ్మ, బోనాలు, మాఘం పెళ్లిళ్లు, మీకు డబ్బొచ్చే కాలాలు మీకే తెలుసు. అడ్వాన్స్ పడ్డ రోజే అందులో 30 శాతం వేరే బ్యాంకు ఖాతాలోకి పంపండి. ఆ ఖాతాకు యూపీఐ పెట్టుకోకండి. లక్ష దాటాక కొంత ఎఫ్‌డీలో, కొంత లిక్విడ్ ఫండ్‌లో (డబ్బు త్వరగా వెనక్కి తీసుకోగల మ్యూచువల్ ఫండ్) ఉంచండి. అప్పటిదాకా మ్యాక్ ఊసెత్తొద్దు. లక్ష దాటాకే పనిముట్ల కోసం విడిగా నెలకు 4 వేలు మొదలుపెట్టండి. ఏడాదికి 48 వేలవుతుంది. కొత్త కంప్యూటరు ఆ డబ్బుతోనే రావాలి. ఈ రెండు ఖాతాలూ ఎప్పుడూ కలవకూడదు.

మరి ఈలోగా పని ఎలా అంటారా? పాత కంప్యూటరు బతికే ఉంది కదా. కొత్త వెర్షన్ మానేసినంత మాత్రాన పాత వెర్షన్ ఆగిపోదు. దాన్ని అన్ఇన్‌స్టాల్ చేయకండి. విండోస్ 10కి మామూలు సెక్యూరిటీ అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి కాబట్టి దాన్ని ఇంటర్నెట్ నుంచి తప్పించి పాటలకే ఉంచండి. మీ లైసెన్సు యూఎస్‌బీ డాంగిల్‌లో (పెన్‌డ్రైవ్ లాంటి తాళంలో) ఉంటే దాన్ని ప్రాణంలా చూసుకోండి. 2025 మేలో దాని సర్వీసును ఆపేశారు. పోతే మళ్లీ ఇచ్చేవాళ్లు లేరు.

తర్వాత ప్రతి పాటనూ తెరిచి, ఒక్కో ట్రాకునూ మొదటి బార్ నుంచి 24-బిట్ వేవ్ ఫైలుగా బౌన్స్ చేయండి, అంటే ప్లగిన్ లేకపోయినా మోగే ఆడియోగా మార్చి దాచండి. ఎఫెక్టులతో ఒకటి, లేకుండా ఒకటి. మిడి, అంటే ఏ స్వరం ఎప్పుడు మోగాలో చెప్పే సమాచారం, విడిగా దాచండి. రివర్బ్ (ప్రతిధ్వని ఎఫెక్టు) సెట్టింగులు ఫోన్‌తో ఫొటో తీసి అదే ఫోల్డర్లో పెట్టండి. 48 కిలోహెర్ట్జ్‌లో స్టీరియో ట్రాకు నిమిషానికి 17 ఎంబీ. అయిదు నిమిషాల పాట, 30 ట్రాకులంటే రెండున్నర జీబీ చిల్లర, రెండు రకాలూ కలిపితే అయిదు జీబీ పైన. అలాంటివి 150 పాటలున్నా ఒక టీబీ హార్డ్‌డిస్కులో పడతాయి. మీ 38 వేల నుంచి ఇప్పుడు తీయడానికి నేను ఒప్పుకునే ఖర్చు ఆ డిస్కు ఒక్కటే.

వేరే దారులూ ఉన్నాయి. విండోస్‌లో క్యూబేస్ లాంటిదే రీపర్ అనే సాఫ్ట్‌వేర్ ఇప్పటికీ వీఎస్‌టీ2ను, 32-బిట్‌ను కూడా నడుపుతుంది. చిన్న వాడకందార్లకు లైసెన్సు 60 డాలర్లు. కొనేముందు 60 రోజులు వాడి చూడొచ్చు. ఇంకా నడుస్తున్న కంపెనీల ప్లగిన్లైతే మీ అకౌంట్‌లోకి వెళ్లి వీఎస్‌టీ3 వెర్షన్ ఉందేమో చూడండి, కొందరు డబ్బు తీసుకోకుండానే ఇస్తారు. క్రాక్ (దొంగ కాపీ) ప్లగిన్లైతే ఆ దారి మూసుకున్నట్టే, వాటిని నమ్ముకుని బతుకుతెరువు నడపొద్దు. ఆఖరి పది పాటలు తెరిచి ఏవి నిజంగా వాడారో కాగితం మీద రాయండి. మీ 47లో ఏడెనిమిదికి మించి తేలవని నా అంచనా. కొనాల్సినవి ఆ కొన్నే, అవీ ఒక్కొక్కటిగా.

ఇన్సూరెన్స్ గురించి మీరేం రాయలేదు. కుటుంబానికి పది లక్షల హెల్త్ పాలసీ, మీ పేరున టర్మ్ పాలసీ లేకపోతే ఈ ఏడాదే తీసుకోండి.

బతుకమ్మ పాట మాత్రం వాయిదా వేయకండి. ఈ రాత్రే పాత కంప్యూటర్లో తెరిచి, డప్పు, షెహనాయ్ ట్రాకులు ముందు బౌన్స్ చేసి, ఆ తర్వాత చరణం మార్చండి. మార్పుకు విడిగా డబ్బు అడగండి, అది మీ హక్కు. వచ్చిన దాంట్లో 30 శాతం ఆ కొత్త ఖాతాలో మొదటి జమ.