స్పానిష్ మాటలను ఇంగ్లీషు మీదుగా కాక తెలుగు మీదుగా నేర్చుకోండి

ప్రశ్న: నేను విజయనగరంలో బి.కామ్ రెండో సంవత్సరం చదువుతున్నాను. హైదరాబాదులోని బహుళజాతి సంస్థల్లో స్పానిష్ తెలిసినవారికి ఉద్యోగాలు ఉంటాయని విని, నాలుగు నెలలుగా ఫోన్ యాప్‌లో నేర్చుకుంటున్నాను. దాదాపు 600 మాటలు నోట్సులో రాసుకున్నాను. ఒక పేజీ ఫొటో జతచేస్తున్నాను. మొన్న ఆన్‌లైన్‌లో మెక్సికోకు చెందిన ఒక అమ్మాయి 'కే తాల్?' అని పలకరిస్తే జవాబు చెప్పలేకపోయాను. ఇంకా ఎన్ని మాటలు నేర్చుకోవాలి? ఈ చదువు నాకు ఉపయోగపడుతుందా?

జవాబు: మీరు పంపిన పేజీలో ఎడమవైపు స్పానిష్ మాట, కుడివైపు దాని ఇంగ్లీషు అర్థం ముత్యాల్లాంటి దస్తూరీతో ఉన్నాయి. 'కే' అంటే 'ఏమి' అన్నది అందులో ఉంది. 'కే తాల్' మాత్రం లేదు. అది 'ఏం, ఎలా ఉన్నావు?' అనే పలకరింపు. దానికి 'బియెన్, గ్రాసియాస్, ఇ తూ?' అంటే సరిపోయేది. 'బాగున్నాను, థాంక్స్, మరి నువ్వు?' అని దాని భావం. ఆ నాలుగు మాటలూ మీ నోట్సులో విడివిడిగా ఉండే ఉంటాయి. కాబట్టి మీకు కొరత పడింది మాటల సంఖ్య కాదు, వాటిని కలిపి వాడే అలవాటు.

రెండో ఇబ్బంది మీరు గమనించనిది. మీరు తెలుగులో అనుకున్నదాన్ని ఇంగ్లీషులోకి మార్చి, అక్కడి నుంచి స్పానిష్‌లోకి మారుస్తున్నారు. ఆకలి వేసినప్పుడు 'ఐ యామ్ హంగ్రీ' అనుకుని దాన్ని మాటకు మాట దించితే 'సోయ్ ఆంబ్రె' అవుతుంది, అంటే 'నేనే ఆకలిని' అన్నట్లు. స్పానిష్‌వారు అనేది 'తెంగో ఆంబ్రె', అక్షరాలా 'ఆకలి కలిగి ఉన్నాను' అని. మన 'నాకు ఆకలిగా ఉంది' దానికి ఎంత దగ్గరో చూడండి: రెండు భాషల్లోనూ ఆకలి మనిషికి ఉండేదే తప్ప మనిషి లక్షణం కాదు. దాహానికి 'తెంగో సెద్', నిద్రకు 'తెంగో స్వెఞో', తొందరకు 'తెంగో ప్రీసా' అంటారు. వయసు కూడా అంతే, 'తెంగో బెయింతె ఆఞోస్' అంటే నాకు ఇరవై ఏళ్లు.

ఇష్టాయిష్టాల విషయంలో ఈ పోలిక ఇంకా ముచ్చటగా ఉంటుంది. 'మె గుస్తా ఎల్ కఫే' అంటే 'నాకు కాఫీ నచ్చుతుంది'. అందులో 'మె' మన 'నాకు'. మామిడిపళ్లయితే 'మె గుస్తాన్ లోస్ మాంగోస్' అవుతుంది, మనం 'నచ్చుతాయి' అన్నట్లే క్రియ పళ్లను బట్టి మారుతుంది. ఇంగ్లీషు మాతృభాషగా ఉన్న విద్యార్థులను ఎంతో తికమకపెట్టే ఈ పాఠం తెలుగు పిల్లలకు ఒక్క పూటలో పట్టుబడాలి. అయినా మనవాళ్లు కూడా ఇక్కడ తడబడుతున్నారంటే, పాఠ్యపుస్తకాలు ఇంగ్లీషువారి కష్టాలను మనకు అరువిస్తున్నాయనే నేను అనుకుంటాను. తలనొప్పికి 'మె ద్వెలె లా కబేసా', అంటే నాకు తల నొప్పిగా ఉంది. మార్చవలసింది ఏమీ లేదు.

మీ పేజీలో 'సేర్', 'ఎస్తార్' అనే రెండు క్రియలకూ ఇంగ్లీషులో 'టు బి' (ఉండు, అగు) అని ఒకే అర్థం రాసి, పక్కన ప్రశ్నార్థకం పెట్టారు. దీనికి మొదటి మెట్టులో పనికివచ్చే చిన్న కొలమానం ఉంది. 'నేను విద్యార్థిని' అన్నప్పుడు తెలుగులో క్రియే ఉండదు, అక్కడ 'సోయ్ ఎస్తుదియాంతె' అని సేర్ వస్తుంది. 'నేను ఇంట్లో ఉన్నాను' అన్నప్పుడు 'ఉన్నాను' ఉంది కనుక 'ఎస్తోయ్ ఎన్ కాసా' అని ఎస్తార్ వస్తుంది. ఇది అన్నిచోట్లా నిలవదు. 'ఆమె పొడవుగా ఉంటుంది' అనే చోట స్పానిష్‌లో సేర్ వాడాలి. అయినా తొలి ఆరు నెలలకు ఈ కొలమానం చాలు.

ఉచ్చారణలో మీకు భయం అక్కరలేదు. స్పానిష్ త, ద ధ్వనులు మన త, దల్లాగే దంత్యాలు. అచ్చులు ఐదే, రాసినట్లే పలుకుతాయి. 'మఞానా'లోని ఞ అక్షరమాలలో వల్లించి ఆ తర్వాత మనం మరిచిపోయినదే. ఆ మాటకు 'రేపు', 'ఉదయం' అనే రెండు అర్థాలూ ఉండటం వల్ల రేపు పొద్దున్నే అనడానికి 'మఞానా పోర్ లా మఞానా' అనవలసి వస్తుంది. 'పెరో' అంటే కానీ, 'పెఱ్ఱో' అంటే కుక్క. వ్యవహారంలో మనం వదిలేసిన శకటరేఫను (ఱ) ఇక్కడ గట్టిగా నాలుక అదిరేలా పలకాలి. స్పెయిన్‌లో ఎక్కువ ప్రాంతాల్లో 'గ్రాథియాస్' అంటే, లాటిన్ అమెరికాలో 'గ్రాసియాస్' అంటారు. ఏదో ఒకదాన్ని ఎంచుకుని దానికే కట్టుబడండి. 'తూ', 'ఉస్తెద్' మన నువ్వు, మీరుల వంటివి. పై అధికారికి, పెద్దవారికి, అపరిచితులకు ఉస్తెద్ వాడితే పొరపాటు ఉండదు.

తెలుగు తోడు రాని చోటు లింగం. తెలుగులో బల్ల ఆడదీ కాదు, మగదీ కాదు. స్పానిష్‌లో 'లా మేసా', స్త్రీలింగం. 'ఎల్ ప్రోబ్లేమా' చివర ఆ కారం ఉన్నా పుంలింగం. అందువల్ల ఏ నామవాచకాన్నీ ముందున్న 'ఎల్', 'లా' లేకుండా రాసుకోకండి. ఇంగ్లీషును పోలిన మాటల దగ్గరా జాగ్రత్త అవసరం. మీ పేజీలో 'ఎక్సితో'కు బయటికి వెళ్లే దారి అని రాసి ఉంది. దాని అర్థం విజయం. బయటికి దారి 'సాలీదా'. 'సోపా' అంటే తాగే సూపు, సబ్బు కాదు. మరోవైపు కొన్ని మాటలు మనకు పాత పరిచయమే: తువ్వాలు, అల్మారా, మేస్త్రీ స్పానిష్‌కు సోదరభాష అయిన పోర్చుగీసు నుంచి మన దగ్గరికి వచ్చాయి, వీటికి స్పానిష్ బంధువులు తోయాయా, అర్మారియో, మాయెస్త్రో.

ఇకపై రోజుకు పది మాటలకు బదులు మూడు వాక్యాలు రాయండి. ఎడమవైపు పూర్తి స్పానిష్ వాక్యం, కుడివైపు మీ ఇంట్లో మాట్లాడే తెలుగు ఉండాలి. మర్నాడు, మూడో రోజు, వారానికి, నెలకు కుడివైపు మాత్రమే చూస్తూ పైకి చెప్పండి. ముందుగా సంభాషణ ఆగిపోకుండా కాపాడే వాక్యాలను నోటికి పట్టించండి: 'నో ఎంతియెందో' (అర్థం కాలేదు), 'మాస్ దెస్పాసియో, పోర్ ఫబోర్' (దయచేసి కొంచెం నెమ్మదిగా), 'కోమో సె దీసె...' (దీన్ని ఏమంటారు...). మెక్సికో అమ్మాయితో మీరు ఇవి అని ఉంటే ఆమే తక్కింది నేర్పేది.

ఇక ఉద్యోగం సంగతి. 'ఓలా', 'బ్వెనోస్ దియాస్' స్థాయికి ఉద్యోగం రాదు, మూడు నెలల్లో ఇప్పిస్తామనే ప్రకటనలను నమ్మకండి. భాషా స్థాయిలు ఏ1 నుంచి సి2 వరకు ఆరు. స్పానిష్ ప్రధానంగా ఉండే ఉద్యోగాలకు సంస్థలు సాధారణంగా బి2, అంటే కింది నుంచి నాలుగో స్థాయి, అడుగుతాయి. అమెరికా విదేశాంగ శాఖ తన దౌత్యవేత్తలకు ఈ భాష నేర్పడానికి దాదాపు 30 వారాల పూర్తికాలపు శిక్షణ కేటాయిస్తుంది. రోజుకు గంట చదివే మీకు రెండేళ్లకు పైనే పడుతుందని లెక్క వేసుకోండి. మీకున్న బలం బి.కామ్. విదేశీ ఖాతాదారుల లెక్కలు చూసే విభాగాల్లో ఒట్టి భాష తెలిసినవారికన్నా భాషతోపాటు పద్దులు తెలిసినవారికి మొగ్గు ఉంటుంది. అందుకే 'ఫాక్తూరా' (ఇన్‌వాయిస్), 'సాల్దో' (నిల్వ), 'పాగో' (చెల్లింపు), 'ఇంప్వెస్తో' (పన్ను) వంటివి ఇప్పటి నుంచే వాక్యాల్లో వాడండి. 'క్వెంతా' బ్యాంకులో ఖాతా, హోటల్లో బిల్లు.

ఉద్యోగ దరఖాస్తులో యాప్ స్కోరుకు విలువ లేదు. స్పెయిన్ ప్రభుత్వ భాషా సంస్థ ఇన్‌స్తితూతో సెర్వాంతెస్ ఇచ్చే దెలె అనే స్పానిష్ ధ్రువపత్రానికి ప్రపంచమంతటా గుర్తింపు ఉంది, దానికి గడువు తీరడమూ ఉండదు. ఏ1 పరీక్షలో చదవడం, రాయడం ఒక జట్టు, వినడం, మాట్లాడటం మరో జట్టు. ఒక్కో జట్టులో 50కి 30 మార్కులు విడివిడిగా రావాలి, ఒకదానిలోని మిగులు మరోదానికి కలవదు. మీ నోట్సు మొదటి జట్టుకు తోడ్పడుతుంది. రెండోదాని కోసం ఆ సంస్థ ఢిల్లీ కేంద్రం నడిపే ఆన్‌లైన్ తరగతుల్లోగానీ, హైదరాబాదులోని ఇఫ్లూ (ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం) వంటి చోట స్పానిష్ చదువుతున్న సీనియర్లతోగానీ వారానికి కనీసం రెండు గంటలు మాట్లాడండి. ఈలోగా ఆ అమ్మాయికి 'ఓలా, కే తాల్?' అని ఈసారి మీరే ముందుగా రాయండి.