వెలుతురు కొలిచే డబ్బాకి మీ ఎస్ఎంఎస్‌లతో ఏం పని?

బెంగళూరు మారతహళ్లి నుంచి ఒక పాఠకుడు: ‘నక్షత్రకాంతిని విశ్లేషించే చిప్ స్పెక్ట్రోమీటర్ అంటే ఆన్‌లైన్‌లో కొన్నాను, అగ్గిపెట్టెంత ఉంది. డబ్బా మీది క్యూఆర్ కోడ్‌తో దించుకున్న యాప్ కాంటాక్ట్స్, ఎస్ఎంఎస్, యాక్సెసిబిలిటీ అనుమతులిస్తే గానీ కదలనంటోంది. ఇచ్చేయనా? టెలిస్కోప్‌కి తగిలిస్తే గీతలు కనిపిస్తాయా?’

ఇవ్వకండి. స్మార్ట్ బల్బుల నుంచి బీపీ మిషన్ల దాకా ఇదే గోల, ఈసారి ఆకాశం పేరు చెప్పుకుని వచ్చింది. బ్లూటూత్ పరికరం పాత ఆండ్రాయిడ్‌లో లొకేషన్ అడిగిందంటే అర్థముంది. ఎస్ఎంఎస్ ఎందుకు? అది ఇస్తే ఓటీపీలు ఇచ్చినట్టే. యాక్సెసిబిలిటీ ఇంకా ఘోరం: తెర మీదున్నది చదవగలదు, మీ బదులు బటన్లు నొక్కగలదు. రెండూ ఒకే యాప్ చేతిలో పడితే బ్యాంకు ఖాతా మీద ఆశ వదులుకోవాల్సిందే. ఇప్పటికే ఇచ్చేసి ఉంటే నెట్ ఆపి, అనుమతులు పీకేసి, యాప్ తీసేయండి. బ్యాంకు పాస్‌వర్డ్‌లు వేరే ఫోన్ నుంచి మార్చండి. డబ్బు పోయిందా, వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

ఇక గీతలు. కాంతిని రంగులుగా విడదీస్తే వచ్చే పట్టీని స్పెక్ట్రమ్ అంటారు, దాని మీద ఏ మూలకం ఉందో చెప్పే సన్న గీతలు పడతాయి. ఆ పట్టీని తీసేదే స్పెక్ట్రోగ్రాఫ్. చిప్ స్పెక్ట్రోగ్రాఫ్ బూటకమేం కాదు. చిప్ మీద పొడవులో కాస్త కాస్త తేడాతో బోలెడు కాంతి దారులు వేసి, వాటి చివర రంగుల్ని విడదీసే పద్ధతి టెలికాంలో పాతదే. దాన్ని 3.9 మీటర్ల ఆంగ్లో-ఆస్ట్రేలియన్ టెలిస్కోప్‌కి తగిలించి నక్షత్రం స్పెక్ట్రమ్ తీసిన ఫలితాలు 2012లో వచ్చాయి. చిక్కంతా కాంతిని లోపలికి పంపడంలోనే. గాలిలో వణికే నక్షత్రాన్ని కాంతిని మోసే సన్న గాజు తీగ, అంటే ఫైబర్, గర్భంలోకి దూర్చాలి; అది సుమారు 10 మైక్రాన్లు, మిల్లీమీటరులో వందో వంతు. అందుకే ఫోటోనిక్ లాంతరు: చెదిరిన కాంతిని ఒక లావు ఫైబర్‌తో పట్టి, చాలా సన్న ఫైబర్లకు పంచుతుంది. చవక డబ్బాలో ఇదంతా ఉంటుందని నేను నమ్మను. మామూలు గ్రేటింగో (సన్న చారలతో కాంతిని రంగులుగా చీల్చే పలక), రంగు ఫిల్టర్లో ఉంటాయి.

నాకు ఒళ్లు మండేది వేరే. కొలిచిన అంకెలు మనకివ్వడానికి లాగిన్, క్లౌడ్, నెలకో అప్‌డేట్! మీ పక్కనే హోసకోటెలో కూర్చుని శాస్త్రవేత్తలు లద్దాఖ్‌లోని హాన్లే 2 మీటర్ల టెలిస్కోప్‌ని శాటిలైట్ లింక్ మీద నడుపుతారు. ఆ డేటా ఖగోళ శాస్త్రంలో అందరూ వాడే ఫిట్స్ ఫైళ్లలో వస్తుంది, ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఎవరైనా తెరవొచ్చు. ఈ బుల్లి డబ్బాకి అంకెలు వరసగా ఉండే ఓ మామూలు సీఎస్‌వీ ఫైల్ ఇవ్వడానికి ఏం రోగం?

చూడాలనే ఉంటే సిమ్ లేని పాత ఫోన్‌ని రీసెట్ చేసి, కొత్త మెయిల్ ఐడీతో ఆ యాప్ వేయండి. ముందు ఇంట్లో సీఎఫ్ఎల్ బల్బు చూపించండి. పాదరసం పచ్చ గీత 546 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర పడాలి. అది పడితే అభిజిత్ నక్షత్రం వైపు తిప్పి, 486 దగ్గర హైడ్రోజన్ నల్లగీత వెతకండి. బల్బు గీతే సరిగా పడకపోతే రిటర్న్ గడువు ఎప్పటిదాకానో చూసుకోండి.