పసుపు పండించడం తెలుసు, ఇంగ్లీషులో చెప్పడానికే నోరు రాలేదు

ప్రశ్న: మాది మైదుకూరు దగ్గర పల్లె. పదో తరగతి దాకా జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు మీడియం. ఇప్పుడు కడపలో బీఎస్సీ కంప్యూటర్స్ ఫైనలియర్. మొన్న క్యాంపస్ డ్రైవ్‌లో రాతపరీక్ష పాసయ్యాను. ఇంటర్వ్యూలో 'టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్' అంటే బట్టీ పట్టింది గడగడా చెప్పేశాను. తర్వాత ఆ సారు, మీ ఊళ్లో ఏం పండిస్తారు, ఎలా పండిస్తారు అని ఇంగ్లీషులో అడిగారు. మాది పసుపు వేసే ఇల్లే సార్. ఒక్క మాట రాలేదు. ఇంటికొచ్చి, చిన్నప్పుడే ఇంగ్లీషు మీడియంలో వేసుంటే ఇట్లా అయ్యేదా అని నాన్నతో గొడవపడ్డాను. అమీర్‌పేటలో మూడు నెలల స్పోకెన్ ఇంగ్లీషు కోర్సు ఉంది, హాస్టలుతో కలిపి నలభై వేలు అవుతుందంటున్నారు. చేరమంటారా? లేకుంటే ఇంగ్లీషుతో పనిలేని గవర్నమెంటు ఉద్యోగాలకు చదువుకోమంటారా? ఇరవయ్యేళ్లు దాటాక ఇంగ్లీషు వస్తుందా?

జవాబు: అమ్మా, నలభై వేల సంగతి తర్వాత మాట్లాడుకుందాం. ముందు మీ నాన్నతో గొడవ సంగతి.

2009లో, అంటే నిన్ను ఏ బళ్లో వేద్దామా అని మీ ఇంట్లో అనుకునే రోజుల్లోనే, మీ మైదుకూరులో ఒక ఇంగ్లీషు మీడియం బడిలో పిల్లలు తెలుగు మాట్లాడారని మెడల్లో పలకలు తగిలించారు. ఇక ఎప్పుడూ తెలుగు మాట్లాడను అని వాటి మీద ఇంగ్లీషులో రాసి ఉంది. ఫొటోలు పేపర్లో పడి రాష్ట్రమంతా గోలయింది. ఆ పిల్లలకు దానివల్ల ఇంగ్లీషు ఎంత వచ్చిందో నేను చెప్పలేను గానీ, సిగ్గు మాత్రం బాగా వచ్చి ఉంటుంది. నా దగ్గరికి సలహాకు వచ్చేవాళ్లలో ఎల్కేజీ నుంచి ఇంగ్లీషు మీడియం చదివినవాళ్లు చాలామందే ఉంటారు. నువ్వు ఆగిన చోటే వాళ్లూ ఆగిపోతారు. నువ్వు ఇంగ్లీషు ఒక్కటే బట్టీ పట్టావు, వాళ్లు సైన్సూ సోషలూ కూడా ఇంగ్లీషులో బట్టీ పట్టారు. పదో తరగతి పబ్లిక్ పరీక్షలో ఇంగ్లీషు పేపరు నూరు మార్కులకు ఉంటుంది గదా, అందులో నోరు తెరిచి మాట్లాడినందుకు ఒక్క మార్కూ లేదు. మార్కు లేని పని మన బళ్లలో ఎవరు చేయిస్తారు? సారు పాఠం చదవడం, తెలుగులో అర్థం చెప్పడం, ఇంపార్టెంట్ క్వశ్చన్లు టిక్కు పెట్టించడం. అయిదేళ్లలో నీ నోటి నుంచి వచ్చిన ఇంగ్లీషు 'మే ఐ కమిన్ సార్' దగ్గరే నిలిచిపోయి ఉంటుంది.

నాదీ అదే కథ. డోన్ దగ్గర పల్లెలో పది చదివి, కర్నూల్లో ఇంటర్ ఇంగ్లీషు మీడియంలో చేరాను. త్వరణం తెలుసు, జడత్వం తెలుసు, కిరణజన్య సంయోగక్రియ నిద్రలో లేపి అడిగినా చెప్తాను. లెక్చరర్ 'ఇనర్షియా' అంటుంటే అదేదో కొత్త పాఠం అనుకుని మూడు వారాలు రాసుకున్నాను. అది మన జడత్వమేనని తెలిసినరోజు ఏడుపొచ్చింది. అడిగి ఉంటే మొదటిరోజే తెలిసేది. ఆ తర్వాత ఇంగ్లీషు క్లాసులో పైకి చదవమంటే డి, ఇ, బి, టి అన్న మాటను, అంటే అప్పును, 'డెట్' అనాల్సింది ఉన్నది ఉన్నట్టు 'డెబ్ట్' అని చదివాను. క్లాసంతా నవ్వింది. ఆరోజు మూసిన నోరు డిగ్రీ అయ్యేదాకా తెరవలేదు. ఆ మాట ఫ్రెంచి నుంచి వచ్చినప్పుడు అందులో బి అక్షరమే లేదని, లాటిన్ మూలం కనబడాలని పండితులు తర్వాతెప్పుడో దాన్ని మధ్యలో ఇరికించారని చాలా ఏళ్లకు చదివాను. ఆ పండితులకు నవ్వు తగలాల్సింది, నాకు తగిలింది. తెలుగు మీడియంలో చదివినందుకు నాకు ఏనాడూ బాధ లేదు. ఆ ఐదేళ్లు వెనక బెంచీలో నోరు మూసుకున్నందుకు మాత్రం ఇప్పటికీ ఉంది. అందుకే నాన్నకు సారీ చెప్పేసి ఈ పని మొదలుపెట్టు.

వయసు గురించి అడిగావు. కడపలోనే ఉన్నావు గదా, ఎర్రముక్కపల్లెలో బ్రౌన్ గ్రంథాలయానికి ఒక ఆదివారం వెళ్లి రా. ఛార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1820లో కడపకు ఉద్యోగానికి వచ్చేటప్పటికి ఇరవై రెండేళ్లు కూడా నిండలేదు, తెలుగుకు కొత్తవాడు. 1829 కల్లా వేమన పద్యాలను ఇంగ్లీషు అనువాదంతో అచ్చు వేయించాడు. 1852లో నిఘంటువు తెచ్చాడు. జీతమిచ్చి పండితుల్ని పెట్టుకునే స్తోమత ఆయనకుంది, మనకు లేదు, నిజమే. కానీ నీకు చేతిలో ఫోను ఉంది. పెద్దయ్యాక నేర్చుకున్నవాళ్లకు యాస పూర్తిగా పోదు. పోకుంటే నష్టమేమీ లేదు. కడప యాసతో ఇంగ్లీషు మాట్లాడి బెంగళూరులో జీతాలు తీసుకునేవాళ్లు బోలెడుమంది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. గ్రామరు పుస్తకం మొదటి పేజీ నుంచి పట్టుకోవద్దు. నీ ఇంగ్లీషు తప్పులు నీ తెలుగు నుంచే వస్తాయి, అవి కూడా అయిదారు చోట్లే. ఆ చోట్లు కనిపెట్టుకుంటే సగం దారి అయిపోయినట్టే.

'నేను రోజూ ఐదుకు లేస్తాను', 'రేపు ఐదుకు లేస్తాను'. రెండింటికీ మనకు ఒకటే 'లేస్తాను'. ఇంగ్లీషులో రోజూ చేసేది వేరు, రేపు చేయబోయేది వేరు. మనవాళ్లు రెండింటికీ 'విల్' తగిలిస్తారు: 'డైలీ ఐ విల్ గెట్ అప్ ఎట్ ఫైవ్.' నేను మాక్ ఇంటర్వ్యూలు చేసేటప్పుడు అభ్యర్థి తెలుగువాడని చెప్పడానికి పేరు చూడక్కర్లేదు, ఈ 'విల్' చాలు. రోజూ చేసే పనికి 'ఐ గెట్ అప్' అంతే. 'ఏంటి, ఇంత చిన్నగానా' అనిపిస్తుంది. అంత చిన్నదే.

తర్వాత 'నాకు'. నాకు తెలుసు, నాకు ఇష్టం, నాకు జ్వరం, నాకు ఆకలి, నాకు ఇద్దరు తమ్ముళ్లు ఉన్నారు. మనకు అన్నీ వచ్చి మీద పడతాయి. ఇంగ్లీషులో అన్నిటికీ 'ఐ' యే ముందు నిలబడుతుంది: 'ఐ నో', 'ఐ లైక్', 'ఐ హావ్ ఎ ఫీవర్', 'ఐ యామ్ హంగ్రీ', 'ఐ హావ్ టూ బ్రదర్స్'. మనం 'ఉన్నారు' అన్నది ఎక్కడో లాగుతుండబట్టి 'ఐ యామ్ హావింగ్ టూ బ్రదర్స్' అంటాం. 'ఐ యామ్ నోయింగ్' కూడా ఆ కోవలోదే.

ఇంకోటి 'అని'. 'రేపు వస్తానని చెప్పాడు' అంటాం. వాడు అన్న 'వస్తాను'ను ముట్టుకోకుండా తెచ్చి పెడతాం. అదే ఇంగ్లీషులో పెడితే 'హి టోల్డ్ దట్ ఐ విల్ కమ్ టుమారో' అవుతుంది, వినేవాడు నువ్వే వస్తావనుకుంటాడు. 'హి సెడ్ హి వుడ్ కమ్' అనాలి. 'ఎ', 'ద' ల గోల మాత్రం చివరికి వదిలెయ్. తెలుగులో వాటికి సమానమైనవి లేవు, చెవికి పట్టడానికి ఏళ్లు పడుతుంది, వాటివల్ల ఉద్యోగం పోయినవాళ్లను నేను చూడలేదు.

పలకడంలో అన్నిటికన్నా పెద్ద చిక్కు చివరి ఉకారం. మనది అజంత భాష, మాట అచ్చుతో ముగిస్తేగాని నోటికి తృప్తి ఉండదు. బస్సు, రోడ్డు, పెన్ను, బుక్కు. ఇంగ్లీషులో బుక్ అని అక్కడే ఆపెయ్యాలి. వేలు పెదవి మీద పెట్టుకుని 'బుక్', 'రోడ్', 'వర్క్' అని నూరుసార్లు ఆపి చూడు. పక్కవాళ్లు పిచ్చి అనుకుంటారు, అనుకోనీ. అట్లాగే మనం అక్షరాలన్నిటి మీదా సమానంగా నడుస్తాం. ఇంగ్లీషువాడు మాటలో ఒకచోట కాలు గట్టిగా వేసి మిగతావి తొక్కుకుంటూ పోతాడు. 'హోటెల్'లో బరువు 'టెల్' మీద. 'ఫొటోగ్రాఫ్'లో మొదటి అక్షరం మీద, 'ఫొటోగ్రఫీ'కి వచ్చేసరికి రెండోదాని మీద. ఇది చదివితే రాదు, వినాలి. బీబీసీ లెర్నింగ్ ఇంగ్లీష్ వాళ్ల 'సిక్స్ మినిట్ ఇంగ్లీష్' ఉచితం. రోజూ ఒకటి పెట్టుకో. ఒక వాక్యం విని, ఆపి, అదే రాగంతో వెంటనే అను. అర్థం తర్వాత చూసుకోవచ్చు, ముందు రాగం పట్టాలి. హరికథకుడి వెనక వంతపాడేవాడు పాడినట్టు.

ఏం చదవాలంటే 'హిందూ ఎడిటోరియల్ చదువు' అని ప్రతివాడూ చెప్తాడు. ఈత రానివాణ్ణి శ్రీశైలం డ్యాములో తోసినట్టుంటుంది. మన ప్రభుత్వ బళ్లలో ఇప్పుడు ఒక పక్క తెలుగు, ఎదురుపేజీలో ఇంగ్లీషు ఉన్న పుస్తకాలు ఇస్తున్నారు. మీ ఊరి బళ్లో చదివే పిల్లల దగ్గర ఎనిమిదో తరగతి సైన్సు పుస్తకం అడిగి తీసుకో. నీకు తెలిసిన విషయమే, తెలిసిన పాఠమే. ఇంగ్లీషు పేజీ పైకి చదువు, తట్టినచోట తెలుగు పేజీ చూడు. నాకు అట్లాంటి పుస్తకం ఇంటర్‌లో దొరికి ఉంటే ఇనర్షియాకు మూడు వారాలు పట్టేది కాదు. మాటల గురించి కూడా బెంగపడకు. ఢాకాలో ఇంగ్లీషు పాఠాలు చెప్పిన మైకేల్ వెస్ట్ అనే ఆయన 1953లో సుమారు రెండు వేల మాటలతో జాబితా వేశాడు, మామూలు చదువుకూ మాటకూ చాలావరకు అవే తిరుగుతాయని. డిగ్రీ దాకా వచ్చావంటే అందులో ఎక్కువభాగం నీకు చూస్తే తెలుసు. నోటికి రావడమే మిగిలింది. రానివి చీటీల మీద రాసుకుని, రేపొకసారి, మూడోరోజు, వారానికి, నెలకు తిరగేసుకో. ఒక్కరోజే యాభైసార్లు రుద్దితే నిలవదు.

ఇక మాట్లాడటం. నువ్వు ఆగిపోయిన ప్రశ్నతోనే మొదలుపెట్టు. పసుపు గురించి ఆ సారుకన్నా నీకే ఎక్కువ తెలుసు. దుంప నాటడం, ఎనిమిది తొమ్మిది నెలలు కాపు కాయడం, తవ్వడం, ఉడకబెట్టడం, కళ్లంలో ఆరబెట్టడం, డ్రమ్ములో వేసి పాలిష్ పట్టడం, కడప యార్డుకు తోలడం. ఒక్కోదానికి ఒక్క చిన్న వాక్యం. 'మై ఫాదర్ గ్రోస్ టర్మరిక్. వి డిగ్ ఇట్ అవుట్. వి బాయిల్ ఇట్. వి డ్రై ఇట్ ఇన్ ద సన్.' చూశావా, ఎక్కడా 'విల్' లేదు. ఫోనులో రికార్డు చేసుకుని విను. తర్వాత అదే కథ కిందటేడు జరిగినట్టు చెప్పు: 'వి బాయిల్డ్ ఇట్.' తర్వాత వచ్చే ఏడు చేయబోయేటట్టు చెప్పు, అప్పుడు తగిలించు 'విల్' ఎంత కావాలంటే అంత. ఒక్క పసుపుతో మూడు కాలాలూ అయిపోతాయి. రెండో వారం మీ అమ్మ పొద్దున్నుంచి రాత్రిదాకా చేసే పని. మూడో వారం మీ ఊరి నుంచి కడప బస్సు ప్రయాణం. రాసుకుని చదవొద్దు, అది మళ్లీ బట్టీలోకి పోతుంది. హాస్టల్లో ఒక్క స్నేహితురాలిని కుదుర్చుకో. సాయంత్రం మిద్దె మీద ఇరవై నిమిషాలు, ఒకరు చెప్పాలి, ఒకరు అడ్డుప్రశ్నలు వెయ్యాలి. ఇంటర్వ్యూలో నిన్ను పడగొట్టింది ఆ అడ్డుప్రశ్నే.

అమీర్‌పేట కోర్సుకు వస్తే, నేను వద్దనే అంటాను, కారణం లెక్కే. బ్యాచిలో నలభై మంది ఉంటే, గంట క్లాసులో నీ వంతుకు నిమిషంన్నర వస్తుంది. అది కూడా సారు అసలు మాట్లాడకుంటే. నలభై వేలు పెట్టి నిమిషంన్నర కొనుక్కోవడమెందుకు? డెమోకు పోయే వీలుంటే పోయి, విద్యార్థులు మాట్లాడిన నిమిషాలు గడియారం పెట్టి లెక్కపెట్టు. పదిమందికి మించని బ్యాచి కడపలోనే దొరికితే, ఒక నెల చేరి చూడు.

ఇంగ్లీషుతో పనిలేని గవర్నమెంటు ఉద్యోగం అంటున్నావు. ఏపీపీఎస్సీ గ్రూప్-2లో ఇంగ్లీషు పేపరు లేదు, ఆ మాట నిజం. బ్యాంకు పీవో, అంటే ప్రొబేషనరీ ఆఫీసర్, ప్రిలిమ్స్‌లో నూటికి ముప్పైకి తగ్గకుండా ప్రశ్నలు ఇంగ్లీషువే. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలకు పెట్టే ఎస్సెస్సీ సీజీఎల్ పరీక్ష మొదటి దశ టైర్-1లో ఇరవై ఐదు. సివిల్స్ మెయిన్స్ తెలుగులో రాయొచ్చు, ఇంటర్వ్యూ కూడా తెలుగులో ఇవ్వొచ్చు. 2016 సివిల్స్‌లో శ్రీకాకుళం జిల్లా నుంచి రోణంకి గోపాలకృష్ణ తెలుగులోనే రాసి మూడో ర్యాంకు తెచ్చుకున్నారు. అయితే సివిల్స్‌లో ఇంగ్లీషు పేపరు మూడొందల మార్కులకు ఉంటుంది, పాతిక శాతం రాకుంటే మిగతా పేపర్లు లెక్కలోకే రావు. గ్రూప్-2 మీద నిజంగా మనసుంటే చదువు, మంచి ఉద్యోగమే. ఇంగ్లీషు నుంచి పారిపోవడానికి మాత్రం ఏళ్లతరబడి కోచింగుల్లో కూర్చోవద్దు. రాతపరీక్ష పాసైనదానివి, ఇంకో డ్రైవ్ రాకపోదు.

ఈ ఆదివారం పసుపు గురించి రెండు నిమిషాలు రికార్డు చేసి పంపు. ఎన్ని తప్పులున్నా సరే, రెండోసారి చేయొద్దు, మొదటిదే పంపు. గ్రామరు దిద్దను. చివరి ఉకారాలూ, 'విల్'లూ ఎన్ని పడ్డాయో లెక్కపెట్టి చెప్తాను.