కొత్త కన్సోల్ గేమ్స్‌లో నిజంగా కొత్తదనం ఉంటోందా, పాతదే మళ్లీ ఇస్తున్నారా?

కన్సోల్ మారినా అవే ఆటలు, కొత్తదనం ఎక్కడుంది అని అడిగారు. నేను నింటెండో కంపెనీ చేసే జెల్డా ఆటల గురించే చెప్తాను, ఈ తేడా నాకు బాగా తెలిసింది దానివల్లే.

2008లో ఎంఎస్ చదవడానికి డల్లాస్ వెళ్లినప్పుడు రూమ్మేట్ దగ్గర నింటెండో వీ కన్సోల్ ఉండేది. శనివారం వంట అయ్యాక నలుగురం కూర్చుని ట్విలైట్ ప్రిన్సెస్ అనే జెల్డా ఆట ఆడేవాళ్లం. చేతిలో రిమోట్ ఊపితే టీవీలో కథానాయకుడు లింక్ కత్తి దూస్తాడు, మొదటి రోజు ఎంత సంబరపడ్డామో! అసలు లింక్‌ది ఎడమచేతి వాటం. రిమోట్‌ని ఎక్కువమంది కుడిచేత్తోనే ఊపుతారని వీ కోసం ఆట మొత్తాన్ని అద్దంలో చూసినట్టు తిప్పేశారు, అంతకుముందు కన్సోల్ గేమ్‌క్యూబ్‌లో తూర్పున ఉన్నవన్నీ ఇందులో పడమరకు వెళ్లిపోయాయి. అంత చేసినా లోపల ఆట పాతదే. గోరాన్ గనుల్లో విల్లు దొరుకుతుంది, అక్కడి రాక్షసుడి నుదుటి మీద మెరిసేదానికి బాణం వెయ్యాలి. తర్వాతి గుడిలో ఇంకో వస్తువు, అక్కడి రాక్షసుడి పని పట్టడానికి అదే. ఈ వరస తప్పడానికి లేదు.

2017 మార్చిలో నింటెండో స్విచ్ కన్సోల్‌తో పాటు బ్రెత్ ఆఫ్ ద వైల్డ్ అనే జెల్డా ఆట వచ్చింది. మామూలు బటన్లతోనే హాయిగా ఆడొచ్చు, కానీ ఆట మాత్రం పూర్తిగా వేరు. ఆట మొదలయ్యే పీఠభూమి దిగాక నేరుగా ప్రధాన విలన్ గానన్ ఉన్న కోటకే వెళ్లిపోవచ్చు, ఎవరూ ఆపరు. ఓసారి కొండ ఎక్కుతుంటే వాన మొదలై చేతులు జారుతున్నాయి, ఎలాగో పైకి చేరేసరికి ఉరుములు, వీపున ఉన్న ఇనుప కత్తి చుట్టూ చిటపటమని మెరుపులు. ఏంటా అని చూసేలోపే పిడుగు పడింది. చిన్నప్పుడు పొలంలో ఉరిమితే "పార అక్కడ పడేసి రారా" అని తాతయ్య అరిచేవాడు. ఆ తెలివి ఇక్కడ పనికొచ్చింది: ఇనుపవి తీసేసి చెక్క గద పట్టుకున్నాను. ఇంకోసారి అదే ఇనుప కత్తిని శత్రువుల మధ్యకు విసిరితే పిడుగు వాళ్ల మీదే పడింది, గదిలో ఒక్కణ్ణే ఉండి గట్టిగా అరిచేశాను.

ఇదంతా పాతదాన్ని వదిలేస్తే వచ్చింది కాదు. ఈ ఆలోచనలు పనిచేస్తాయో లేదో చూడ్డానికి ఆట తయారుచేసినవాళ్లు ముందు 1986 నాటి మొదటి జెల్డాలా కనిపించే 2డి నమూనా చేసుకున్నారు, 2017లో జీడీసీ అనే గేమ్ డెవలపర్ల సదస్సులో దాన్ని చూపించారు కూడా. ఆ మొదటి ఆటలోనూ మైదానంలో వదిలేసి నీ ఇష్టం అన్నట్టే ఉండేది. వరసగా నడిపించడం తర్వాత గట్టిపడిన అలవాటు, వాళ్లు తీసేసింది దాన్నే.

నష్టం లేదని మాత్రం అనను. పాత ఆటల్లో ఒక్కో గుడిలో గంటలకొద్దీ తాళంచెవులు వెతుక్కున్న బిగువు బ్రెత్ ఆఫ్ ద వైల్డ్‌లోని 120 చిన్న మందిరాల్లో లేదు, లోపల అన్నీ ఒకేలా ఉంటాయి. నచ్చిన కత్తి విరిగిపోతే ప్రాణం ఉసూరుమనేది. 2023లో దాని తర్వాతి భాగం టియర్స్ ఆఫ్ ద కింగ్‌డమ్‌లో గుళ్లు మళ్లీ వచ్చాయి గానీ నాకు ఆ ఆకలి తీరలేదు.

అందుకే కొత్త కన్సోల్ కొనేముందు ట్రైలర్లు, గ్రాఫిక్స్ చూసి తేల్చుకోకండి. ఇద్దరు వేర్వేరు వాళ్లు అదే ఆటను కట్ చేయకుండా ఓ అరగంట ఆడిన వీడియోలు చూడండి. ఒకే చోట ఇద్దరూ ఒకేలా ఆడుతుంటే, ఆ డబ్బులు ఇంకొన్నాళ్లు దాచుకోండి.