సంచకరువులో కరువు లేదు

సందేహం: మా సంఘంలో యౌవనస్థుల కూడికలో పేతురు మొదటి పత్రిక మొదటి అధ్యాయం చదివించాను. ‘జీవముతో కూడిన నిరీక్షణ’, ‘వాడబారని స్వాస్థ్యము’ అన్న చోట పిల్లలు ఆగిపోయారు. హిందీ చదువుకున్న ఒకమ్మాయి స్వాస్థ్యం అంటే ఆరోగ్యం అంది. ఎఫెసీ పత్రికలో ‘సంచకరువు’ వచ్చేసరికి ఒక కుర్రాడు ‘అది ఏ కరువండీ?’ అని అడిగాడు. ఈ పాత మాటలు పక్కనపెట్టి ఆశ, వారసత్వం, హామీ అని చెబితే తప్పా? (ఒక పాఠకురాలు, బాపట్ల)

సమాధానం: అమ్మా, మొదటి రెండు మాటలనూ త్వరగా దాటేస్తాను. మూడోదాని దగ్గర కాసేపు కూర్చోవాలని ఉంది. మీ కుర్రాడి ప్రశ్న అలాంటిది మరి.

నిరీక్షణకు సంస్కృతంలో పరికించి చూడటం అని అర్థం. హిందీలో తనిఖీ. తెలుగువాళ్లం దాన్ని దారి చూడటంగా చేసుకున్నాం. మన ‘ఎదురుచూచు’లోనూ చూపే ఉంది కదా. ఆశ అంటే అర్థం చెడదు గానీ, ఆ మాట ఎక్కడికి వెళ్లినా ఆశపోతును, దురాశను వెంటేసుకుని వెళుతుంది. పైగా రోమా పత్రిక 8:24లో ‘తాను చూచుచున్నదానికొరకు ఎవడు నిరీక్షించును?’ అని ఉంది. అక్కడ ‘ఆశించును’ అని పెట్టి పైకి చదివి చూడండి, చూపుకూ నిరీక్షణకూ ఉన్న ముడి ఊడిపోతుంది.

స్వాస్థ్యం సంగతి. స్వస్థుడి స్థితి స్వాస్థ్యం కాబట్టి ఆరోగ్యమన్న అమ్మాయి తప్పు చెప్పలేదు. అయితే స్వస్థం అంటే అసలు తనలో తాను నిలిచినది. తెలుగు వ్యవహారంలో అదే తనదై నిలిచినది, అంటే హక్కుభుక్తమైన ఆస్తి అయింది. ‘మనోహర స్థలములలో నాకు పాలు ప్రాప్తించెను, శ్రేష్ఠమైన స్వాస్థ్యము నాకు కలిగెను’ అని 16వ కీర్తన. ఇది కొలతాడు వేసి పొలం పంచినప్పటి భాష. (ఆ పాలు వంతు అని కూడా మీ పిల్లలకు చెప్పండి, లేకపోతే గేదెను వెతుక్కుంటారు. పాలివాళ్లు అన్న మాట ఇంకా బతికే ఉంది.) గుడి సేవకు కేటాయించిన గోత్రం లేవీయులకు మాత్రం కొలిచి ఇవ్వడానికి పొలం లేదు. వాళ్ల పెద్ద అహరోనుతో దేవుడు ‘నీ పాలు నీ స్వాస్థ్యము నేనే’ అంటాడు. నేలకు పుట్టిన మాట నేల దాటడం అక్కడే మొదలైంది. పేతురు దగ్గరికి వచ్చేసరికి ఆ ఆస్తి అక్షయం, నిర్మలం, వాడబారనిది. వరసగా రెండు సంస్కృత పదాలు వేసి, మూడోచోట పూవుకు చెప్పే తెలుగు మాట వేసిన పండితుడెవరో గానీ, చెవి ఉన్నవాడు. వారసత్వం అంటే నేనేమీ అలగను. అరబ్బీ ‘వారిస్’కు సంస్కృతపు ‘త్వం’ తగిలించిన అతుకుల బొంత అయినా, అది ఇంట్లో మనిషైపోయింది.

ఇక సంచకరువు.

ఇందులో కరువూ లేదు, సంచీ లేదు. బేరం ఖాయమైనట్టు ముందుగా చేతిలో పెట్టే సొమ్ము, అంటే బయానా. సంస్కృతంలో ‘సత్యంకారం’ అని ఒక మాట ఉంది. బేరాన్ని సత్యం చేయడం, అంటే ఖాయపరచడం. అమరకోశమనే సంస్కృత నిఘంటువు రాసిన అమరసింహుడు అందులోని వైశ్యవర్గంలో ‘సత్యాపనం సత్యంకారః సత్యాకృతిః’ అని మూడు పేర్లూ ఒక్క వరసలో చెప్పాడు. అంతకు చాలా ముందే పాణిని ‘సత్యాదశపథే’ అని దీనికోసం ఒక సూత్రమే వేశాడు. ఒట్టు కాని చోట సత్యశబ్దం ఎలా మారుతుందో అందులో చెప్పాడు. దానికి వ్యాఖ్యాతలు చూపే ఉదాహరణ ‘సత్యాకరోతి వణిక్ భాండమ్’. వర్తకుడు ఈ సరుకు నేనే కొంటానని ఖాయం చేస్తున్నాడు. ఒట్టు పెట్టడం వేరు, బేరం ఖాయం చేయడం వేరు అని వ్యాకరణమే గీత గీసిందన్నమాట.

ప్రాకృతంలో ‘త్య’ ‘చ్చ’ అవుతుంది. నిత్యం నిచ్చలు అయినట్టే సత్యం సచ్చ అయింది. సచ్చకారం నుంచి తెలుగులో సంచకారం, సంచకరువు. కన్నడిగులది సంచకార. తమిళులు మొదటి సకారాన్ని మింగేసి అచ్చారం చేసుకున్నారు. ఎఫెసీ 1:14లో మనకు సంచకరువు ఉన్న చోటే కన్నడ బైబిలులో సంచకార, తమిళ బైబిలులో అచ్చారం ఉన్నాయి. మూడు భాషల అనువాదకులూ ఒకే అంగడి మాట దగ్గరికి చేరారు. పౌలు గ్రీకులో రాసిన ‘అర్రబోన్’ కూడా అంగడిదే, సెమిటిక్ భాషల వర్తకుల నుంచి గ్రీకులోకి వచ్చింది. కొత్త నిబంధనలో అది మూడే మూడు చోట్ల ఉంది: కొరింథీయుల రెండో పత్రికలో రెండుసార్లు, ఎఫెసీలో ఒకసారి. మూడుచోట్లా అది దేవుని ఆత్మ గురించే.

సంచకరువు పని ఏమిటో ధర్మశాస్త్రకారుడు యాజ్ఞవల్క్యుడు తన స్మృతిలో అర శ్లోకంలో చెప్పాడు: ‘సత్యంకారకృతం ద్రవ్యం ద్విగుణం ప్రతిదాపయేత్’. ఆ స్మృతికి వ్యాఖ్య అయిన మితాక్షరలో విజ్ఞానేశ్వరుడు దీన్ని విప్పుతూ ఉంగరం లాంటి వస్తువును బేరం నిలబడటానికి ఎదుటివాడి చేతిలో పెట్టడం గురించి చెబుతాడు. పెట్టినవాడు మాట తప్పితే ఆ ఉంగరం పోతుంది. పుచ్చుకున్నవాడు తప్పితే రెట్టింపు కక్కాలి. ఇవాళ ఇంటిస్థలం కొనేవాళ్లు రాసుకునే బయానా కాగితంలోనూ ఇదే షరతు కనిపిస్తుంది. పద్ధతి బతికే ఉంది, మాటను మాత్రం అడ్వాన్సు తినేసింది.

అందుకే ‘హామీ’ అంటే నాకు ఒళ్లు మండుతుంది. ఎన్నికలప్పుడు ఊరూరా పంచేది హామీ. దానికి నోరు ఒక్కటి ఉంటే చాలు. సంచకరువు అంటే చేతిలో పడ్డ సొమ్ము. తాకట్టు అన్నా కుదరదు. తాకట్టు వస్తువు బాకీ తీరాక వెనక్కి పోతుంది, సంచకరువు మొత్తంలో జమ అవుతుంది. తర్వాత రాబోయేది ఏ జాతి సొమ్మో, ముందు ముట్టిందీ ఆ జాతి సొమ్మే. ‘ఈ ఆత్మ మన స్వాస్థ్యమునకు సంచకరువుగా ఉన్నాడు’ అన్న వాక్యం బరువంతా అక్కడే ఉంది. విశ్వాసికి పరలోకపు ఆస్తిలో మొదటి వాయిదా ఇప్పటికే ముట్టింది, మిగతాదానికోసం ఎదురుచూపు. మీ మొదటి మాట నిరీక్షణకు ఆధారం ఈ మూడో మాటే. మామూలు బేరంలో బయానా ఇచ్చేవాడు కొనేవాడు. ఇక్కడ ఆస్తి ఇవ్వబోయేవాడే బయానా కూడా ఇస్తున్నాడు. ఆయన మాట తప్పితే పోగొట్టుకునేది ఏమిటన్న ప్రశ్న మీ పాస్టరుగారికి వదిలేస్తున్నాను, అది నా శాఖ కాదు.

మితాక్షర ఎలాగూ తెరిచాను కాబట్టి ఇంకొక్క మాట. పిత్రార్జితంలో కొడుకుకు హక్కు పుట్టుకతోనే వస్తుందని ఆ గ్రంథం పట్టు. పేతురు పత్రిక కూడా ‘మరల జన్మింపజేసెను’ అన్న వాక్యంలోనే స్వాస్థ్యం సంగతి చెబుతుంది. దీన్నిబట్టి ఒకరిది చూసి ఒకరు రాశారని ఎవరూ వ్యాసాలు రాయకండి. పుట్టుకకూ ఆస్తికీ ముడి వేయని సమాజం అరుదు, అంతే.

మీరు అడిగింది తప్పా ఒప్పా అని. వాక్యం చదివేటప్పుడు పాత మాటలే చదవండి, వివరించేటప్పుడు ఎదురుచూపు, ఆస్తి అనండి. పిల్లలు ఆశ, వారసత్వం అంటే దిద్దకండి, కొన్నాళ్లకు అవే నిలబడతాయేమో కూడా. సంచకరువుకు మాత్రం హామీ వద్దు, అంతగా కావాలంటే బయానా అనండి. దేవుడి విషయంలో బయానా ఏమిటని పెద్దలెవరైనా నొచ్చుకుంటే, పౌలు వాడినదీ బజారు మాటేనని చెప్పండి. ఇంకొకటి: మీ ఉత్తరంలో ఒకచోట ‘సంచకరవు’ అని పడింది. రకు కొమ్ము ఉండాలి.